చిల్లి గిన్నె మునిగేదాకా

గురవయ్య కుడిచెయ్యి మోచేతి కింద రెండు చోట్ల విరిగింది. విరిచింది శ్రీను. విరిచింది తూము తిప్పే ఇనప హ్యాండిల్‌తో. ఎండిన కందికట్టెను మోకాటికేసి విరిచినట్టు చప్పుడైంది, కట్ట మీద ఉన్నోళ్ళందరికీ వినపడింది. గురవయ్య అరవలేదు. వేలాడుతున్న చేతి వంక ఒకసారి చూసుకున్నాడు, మళ్ళీ ఎదురుగా ఉన్న నీళ్ళ బేసిన్ వంక చూసినాడు.

"ఇంకా మునగలేదు," అన్నాడు.

ఆ చెయ్యి ఇప్పటికీ వంకరగానే ఉంది. దెబ్బ తిన్న మనిషి ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే ముందు ఆ మనిషి సంగతి, ఆ బేసిన్ సంగతి చెప్పాల.

మాది గిద్దలూరు రోడ్డు మీద దిగి మూడు మైళ్ళు లోపలికి నడిచే ఊరు. చుట్టూ రాళ్ళు, కంది, ఆముదం. చెరువు కింద మాత్రం నూట ఇరవై ఎకరాల మాగాణి ఉంది. పొద్దున తూము తీసి, ఎవరి వంతు వాళ్ళకు నీళ్ళు పారించి, పొద్దుగూకినాక మూసేవాణ్ణి మేము నీరుగట్టి అంటాం. గురవయ్య మా ఊరి నీరుగట్టి. వాళ్ళ నాయనా అదే, తాతా అదే. అరవై దాటిన మనిషి, బక్కపల్చగా ఉంటాడు, మోకాళ్ళు అరిగినాయి. బీడీ తాగడు, సారా ముట్టడు, నవ్వడు. ఆయన భార్య సువార్తమ్మ మాత్రం ఇద్దరి నవ్వూ తనే నవ్వుతది, ఇద్దరి తిట్లూ తనే తిడతది.

వంతు కొలిచేది చిల్లి గిన్నెతో. కొబ్బరిచిప్పంత రాగి గిన్నె అది. అడుగున సూది మొన దూరేంత చిల్లి. బేసిన్ నిండా నీళ్ళు పోసి గిన్నెను దాని మీద తేలేస్తాడు. చిల్లిలోంచి నీళ్ళు ఊరి ఊరి, గిన్నె నిండి, బుడుంగున మునుగుతది. అది ఒక మునక. ఎకరానికి రెండు మునకలు. అట్ల తూము దగ్గర మొదటి చేను నుంచి కాలవ కొసన ఆఖరి చేను దాకా ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది రోజులు. ఏనాడో నీటి సంఘం పెట్టిన కొత్తల్లో ఇంజినీరు ఒకాయన వచ్చి వాచీ పెట్టి చూసి, మునకకు ఇరవై నాలుగు నిమిషాలని సంఘం పుస్తకంలో రాసి పోయినాడు.

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి గదా, ఇంకా ఈ గిన్నె ఏంది గురవన్నా?" అని నేను అడిగినా ఒకసారి.

"ఫోన్ జేబులో ఉంటది తులసక్కా. టైమెంతంటే జేబున్నోడు చెప్పిందే వినాల. గిన్నె అందరి ముందర మునుగుతది. గిన్నె అబద్ధం చెప్పదు."

ఆ మాట రోజుకు నాలుగుసార్లన్నా అనేవాడు. కారణం ఉంది. ఆయనకు పన్నెండేళ్ళప్పుడు, కరువు సంవత్సరం, వాళ్ళ నాయనను ఇదే కట్ట మీద పారతో తల మీద కొట్టినారు. ఒక పెద్ద రైతు, ఇంకో మునక ఎక్కువ వేయమన్నాడు. నాయన వేయనంటే, మునక కోసిన దొంగవని మీద పడినాడు. మూడు రోజులు బతికినాడు. ఆ మూడు రోజులూ ఒకటే మాట, మునక తప్పలేదని చెప్పండిరా, మునక తప్పలేదని చెప్పండిరా. తల పగిలినందుకు కాదు, దొంగ అన్నందుకు ఏడ్చినాడంట. అందుకే గురవయ్యకు ప్రాణం పోతుందన్న భయం లేదు. దొంగ అనిపించుకుని పోతానేమోనన్న భయం ఒకటే ఉంది.

గిన్నెకు ఒక కట్టుబాటు ఉంది. దాన్ని తోమగూడదు. చింతపండు, ఇసుక, బూడిద, ఏదీ తగలగూడదు. తోమితే చిల్లి అరిగి పెద్దదవుతది, పెద్దదైతే గిన్నె తొందరగా మునుగుతది, రైతుకు నీళ్ళు తగ్గుతాయి. పెద్దలు పెట్టిన మాట, అందులో తప్పు లేదు. తాత కాలం నుంచి ఆ గిన్నె నల్లగా, మాడిన మూకుడు మాదిరి ఉండేది.

రెండేళ్ళ కిందట సంఘం అధ్యక్షుడు రంగనాయకులు తూము పక్కన రేకుల షెడ్డు వేయించినాడు, బోరు కొళాయి పెట్టించినాడు. రంగనాయకులు పొలం తూము కిందనే, మొదటి వంతు వాళ్ళదే. మొన్న ఎన్నికల్లో మళ్ళీ ఆయనే గెలిచినాడు. షెడ్డు వచ్చినాక గురవయ్యకు సుఖమైంది. అంతకుముందు బేసిన్‌లోకి నీళ్ళు కావాలంటే ఇరవై రెండు మెట్లు దిగి చెరువులో ముంచుకు రావాల. ఇప్పుడు కొళాయి తిప్పితే చాలు.

ఈ ఏడు వరి పొట్టకొచ్చే వేళకు వంతులు వెనకబడినాయి. ఎనిమిది రోజుల చుట్టు తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. పైన ఉన్నోళ్ళకు పట్టలేదు. మళ్ళో నీళ్ళు కాస్త ఎక్కువే పారుతుంటే ఎవడొచ్చి ఫిర్యాదు చేస్తాడు? కొసన ఉన్నోళ్ళ నేల మాత్రం నెర్రెలు విచ్చింది. ఆఖరి రెండెకరాలు శ్రీనువి. వాడి భార్య అంజలి కాలవ గట్టున కూర్చుని పై నుంచి నీళ్ళొస్తాయేమోనని రోజంతా చూసేది. కూలికి పిలిచినా పోలేదు.

"మామా, మా వంతు ఎప్పుడు?" అని శ్రీను వచ్చి అడిగితే, "గిన్నె చెప్పినప్పుడు," అని గురవయ్య జవాబు.

"గిన్నె నా చేను చచ్చినాక చెబుతదా?"

"గిన్నె అబద్ధం చెప్పదురా."

ఆ రోజు పొద్దున పది గంటలప్పుడు శ్రీను ఫోన్ పట్టుకుని షెడ్డులో కూర్చున్నాడు. గిన్నె తేలేసినప్పుడు ఫోన్ నొక్కినాడు, మునిగినప్పుడు నొక్కినాడు. ముప్పై మూడు నిమిషాలు. ఇంకోసారి చూసినాడు. ముప్పై మూడు. మూడోసారి గురవయ్య గిన్నె తేలేసేటప్పటికి వాడు లేచి నిలబడినాడు. మొహం నల్లబడింది.

"ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నావు మైనం?"

"మైనమేందిరా?"

"చిల్లికి. మునకకు తొమ్మిది నిమిషాలు పైవాళ్ళకు దోచిపెడుతున్నావు. రంగనాయకులు ఏమిస్తున్నాడు నీకు?"

గురవయ్య లేచినాడు. ఆ మనిషి ఎవరి మీదికీ లేచింది అంతకుముందు నేను చూడలేదు. శ్రీను చొక్కా పట్టుకుని గోడకు కొట్టినాడు. "మా నాయన ఆ మాట పడి చచ్చినాడు," అన్నాడు. "ఇంకోసారి అను."

"దొంగ," అన్నాడు శ్రీను. అంటూనే తూము మీద నుంచి హ్యాండిల్ లాగినాడు.

తర్వాత ఆ చప్పుడు. తర్వాత ఆ మాట, ఇంకా మునగలేదని.

సద్ది తెచ్చిన సువార్తమ్మ కట్ట ఎక్కుతూ చూసింది. సద్దిగిన్నె కింద పెట్టింది, నెమ్మదిగానే పెట్టింది, ఒలకలేదు. నడుముకున్న కొడవలి తీసి శ్రీను వెనకమాల నుంచి భుజం మీద వేసింది. గడ్డి కోసే కొడవలి, పళ్ళున్నది. అది దిగినాక లాగింది. రక్తం షెడ్డు గోడ మీద చిమ్మింది. రెండో వేటుకు ఎత్తుతుంటే నలుగురం పట్టుకున్నాం. నా చీర కొంగంతా రక్తమే.

మా ఊళ్ళో ఉండేది ఒకటే ఆటో. చెయ్యి విరిగినోణ్ణీ, భుజం తెగినోణ్ణీ అందులోనే ఎక్కించినాం. వాళ్ళ మధ్యలో నేను, అటు సువార్తమ్మ, ఇటు అంజలి.

"చెయ్యి విరిచినోడి పక్కన నా మొగుణ్ణి కూర్చోబెట్టినావే తులసక్కా, నీకు న్యాయముందా?" అని సువార్తమ్మ.

"నా మొగుడి భుజమేమన్నా గడ్డి మోపా కోసుకునేదానికి?" అని అంజలి.

"గడ్డిమోపైతే నా గొర్రెలన్నా తినేవి."

అంజలి నా మీదుగా వంగి సువార్తమ్మ జుట్టు పట్టుకుంది. సువార్తమ్మ దాని చెయ్యి కొరికింది. ఆటో గుంటలో పడి లేచినప్పుడల్లా మగోళ్ళిద్దరూ మూలుగుతున్నారు. మార్కాపురం ఆసుపత్రి దాకా ఇట్లనే పోయినాం. శ్రీనుకు పద్దెనిమిది కుట్లు, గురవయ్యకు మోచేతి పైదాకా కట్టు. పోలీసులు వచ్చి ఎవరు కొట్టినారని అడిగితే ఇద్దరూ నోరిప్పలేదు. శ్రీను ఎందుకు ఇప్పలేదో అర్థమవుతది. గురవయ్యను అడిగినా.

"కేసు పెడితే వాడు జైలుకు పోతాడు, నేను దొంగగా మిగులుతా," అన్నాడు. "ముందు దొంగ సంగతి తేలాల."

అది తేలాల్సింది సంఘం మీటింగులో. నాలుగో రోజు మధ్యాహ్నం షెడ్డు కింద రైతులందరూ చేరినారు. సగం మంది చేతుల్లో కర్రలు. కొసవాళ్ళు ఒకవైపు, పైవాళ్ళు ఒకవైపు, మధ్యలో బేసిన్, గిన్నె. గురవయ్య కట్టు చేతితో దాని ముందర కూర్చున్నాడు.

రంగనాయకులు గొంతు సవరించుకున్నాడు. "గొడవలొద్దు. గురవయ్యను తీసేద్దాం, ఇంకొకర్ని పెట్టుకుందాం. ముసలోడు, పొరపాటు చేసుంటాడు."

"పొరపాటు గాదు, నీకోసం చేసినాడు," అని కొసవాళ్ళలోంచి ఒక గొంతు. ఒక రాయి వచ్చి రేకు మీద పడింది.

"మైనమంటారు గదా," అంది సువార్తమ్మ. గిన్నె గుంజుకుంది. కొంగులోంచి చింతపండు ఉండ తీసింది. "మైనముంటే బయటికొస్తది. అందరూ చూడండి."

గురవయ్య మొహంలో రక్తం లేదు. "తోమొద్దు," అన్నాడు. "తోమొద్దే, కట్టుబాటు." ఆమె వినలేదు. ఎడంచేత్తో ఆమె చెంప మీద కొట్టినాడు. నలభై ఏళ్ళ కాపురంలో అది మొదటి దెబ్బో కాదో నాకు తెలియదు, నేను చూడటం మొదటిసారి. ఆమె పెదవి చిట్లింది. ఆ రక్తం తుడుచుకోకుండానే చింతపండు, ఉప్పు వేసి రుద్దింది, వేపపుల్లతో చిల్లి చుట్టూ గీకింది. తాతల నాటి నలుపు పోయి గిన్నె ఎర్రగా మెరిసింది. అప్పుడు బేసిన్ మీద తేలేసింది.

శ్రీను ఫోన్ నొక్కినాడు. రెండు వందల మంది ఒక గిన్నెను చూస్తూ నిలబడినాం. గిన్నె మునిగింది.

"ఇరవై నాలుగు," అన్నాడు శ్రీను.

అంతే. అందరూ ఒకేసారి గురవయ్య మీద పడినారు. మైనం పోయింది గదా, అందుకే సరిగ్గా మునిగింది, ఇంకేం సాక్ష్యం కావాల? ఎవడో గురవయ్య వీపు మీద తన్నినాడు. ఇంకొకడు కట్టున్న చేతి మీదనే కర్రతో వేసినాడు. అప్పుడు మాత్రం అరిచినాడు ఆ మనిషి. సువార్తమ్మ ఆయన మీద పడి కప్పుకుంది, దెబ్బలు ఆమెకు తగిలినాయి. మొగుణ్ణి కాపాడదామని తోమింది, దొంగను చేసి కూర్చోబెట్టింది.

నేను కింద చూస్తున్నా. గీకినప్పుడు రాలిన పొట్టు నేల మీద ఉంది. తెల్లగా, పల్చగా, గుడ్డు పెంకు మాదిరి. ఏరి చేతిలోకి తీసుకున్నా. ఇది నాకు తెలిసిందే. మా ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున రోజూ గీకే గారే ఇది. మా బోరు నీళ్ళకు పళ్ళే మచ్చలు పడతాయి, గిన్నెలో గార కట్టడం ఎంత?

"శ్రీనూ, కొట్టింది చాలు గానీ ఇటు రా," అన్నా. "మైనమైతే నిప్పుకు ఏమవుతది?"

"కరుగుతది."

"అయితే కరిగించి చూపించు."

వాడు రొప్పుతూ వచ్చినాడు. ఆ పెంకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లైటర్ వెలిగించినాడు. మంట తగిలింది. పెంకు కరగలేదు. ఇంకా దగ్గర పెట్టినాడు. వేలి తోలు కమిలి వాసన వచ్చింది, అయినా వదల్లేదు. పెంకు తెల్లగా అట్లనే ఉంది. కర్రలెత్తినోళ్ళు దించకుండా అట్లనే నిలబడినారు. వేళ్ళు బొబ్బలెక్కినాక శ్రీను లైటర్ పారేసి నేల మీద కూలబడినాడు.

"మైనం గాదు," అన్నాడు.

గురవయ్యను లేపి కూర్చోబెట్టినారు. ఆయన ఎవరి వంకా చూడలేదు. కొళాయి వంక చూసినాడు. కొళాయి మూతి చుట్టూ, కింద సిమెంటు మీద అదే తెల్ల గార మందంగా పేరుకుని ఉంది. రెండేళ్ళ నుంచి ఆయన పక్కనే ఉంది.

"చెరువు నీళ్ళకు ఎప్పుడూ కట్టలేదు," అన్నాడు. మాటలు ఒక్కొక్కటి లాగినట్టు వచ్చినాయి. "మెట్లు దిగలేక ఈ నీళ్ళు పోసినా. గిన్నెను ఎండలో ఆరబెట్టినా. తోమగూడదని తోమలేదు. చిల్లి పూడుకుంటా వచ్చింది. పొద్దు నీడ చూస్తే మునక ఆలస్యమైనట్టే ఉండేది నాకు. గిన్నె అబద్ధం చెప్పదులే అనుకున్నా."

"సరే, తెలిసింది గదా," అని రంగనాయకులు లేచినాడు. "దొంగతనం కాదు. గురవయ్యే ఉంటాడు. రేపు వంతు మామూలుగా పై నుంచి మొదలు."

"పై నుంచి కాదు."

"మరి?"

"కొస నుంచి. దొంగతనం చేయలేదు, కానీ మునక తప్పింది. మా నాయన చచ్చేటప్పుడు తప్పలేదని చెప్పుకున్నాడు, నాకు ఆ మాట లేదు. పైవాళ్ళ చేలు తడిగా ఉన్నాయి. వాళ్ళు ఈ చుట్టు ఆగాల."

"ఆగకపోతే?"

"నన్ను తీసెయ్. నీరుగట్టిగా ఉంటే మాత్రం వంతు ఇదే."

రంగనాయకులు చేతులెత్తమన్నాడు. గురవయ్య మాటకు ఎవరెవరు ఒప్పుకుంటారని. పైవాళ్ళవి పెద్ద కమతాలు, కొసవాళ్ళవి చిన్నవి, కానీ చేయి అందరికీ ఒకటే లెక్క. రెండు చేతులు ఎక్కువొచ్చినాయి. అందులో ఒకటి శ్రీనుది. కుట్లున్న భుజం లేవక ఎడమది ఎత్తినాడు, మళ్ళీ అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మీటింగు అయినాక శ్రీను క్షమించమని అడిగినాడా అని మీరు అడుగుతారు, నేనూ అడిగినా. అడగలేదంట. సువార్తమ్మ కూడా అడగలేదంట.

తెల్లారి పొద్దు పొడిచేటప్పటికి మేమందరం కట్ట మీదనే ఉన్నాం. సువార్తమ్మ ఇరవై రెండు మెట్లు దిగి చెరువు నీళ్ళు తెచ్చి బేసిన్‌లో పోసింది. పెదవి ఇంకా వాచి ఉంది. గురవయ్య ఎడంచేత్తో తూము తిప్పలేక పళ్ళు కొరుకుతుంటే శ్రీను ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు, ఆ హ్యాండిలే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తూము లేచింది. నీళ్ళు కాలవలో పడి కిందికి ఉరికినాయి. పైచేలలోకి నీళ్ళు మళ్ళే మడవలన్నీ మట్టితో మూసి, ఒక్కొక్క మడవ దగ్గర ఒక్కొక్క కొసరైతు పార పట్టుకుని నిలబడినాడు. కాలవ కొసన అంజలి ఉంది. నీళ్ళు అక్కడికి చేరినట్టు తువ్వాలు ఊపినాక, గురవయ్య గిన్నె తేలేసినాడు.

రంగనాయకులు కొడుకు నరేంద్ర నలుగురిని వెంటబెట్టుకుని పలుగుతో వచ్చినాడు. మొదటి మడవ దగ్గర ఉన్నోణ్ణి పలుగు మొద్దు కొసతో పొడిచి కాలవలో పడేసినాడు, మట్టికట్ట మీద రెండు పోట్లు వేసినాడు. కింది మడవల నుంచి కొసవాళ్ళు పరిగెత్తుకొచ్చి వాణ్ణి చుట్టుకున్నారు. పారల వెనకభాగాలు వీపుల మీద పడుతున్నాయి. వెనక్కి తగ్గుతూ నరేంద్ర రాయి తీసుకున్నాడు. షెడ్డు వైపు విసిరినాడు.

అది గురవయ్య నుదురు మీద పడింది. చర్మం చీలి కనుబొమ్మ మీదుగా రక్తం కారింది, గడ్డం మీద నుంచి బేసిన్‌లో చుక్కలుగా పడింది. నీళ్ళు ఎర్రగా పాకినాయి. గిన్నె సగానికి నిండి ఉంది. సువార్తమ్మ కొంగు పెట్టి అదమబోతే తల పక్కకు తిప్పుకున్నాడు, గిన్నె కనపడకుండా పోతుందని.

శ్రీను పార ఎత్తి నరేంద్ర మీదికి ఉరికినాడు. వాడి కుట్లు తెగి చొక్కా తడిసింది.

"శ్రీనూ," అన్నాడు గురవయ్య. గట్టిగా అనలేదు. "పార దించు. ఇప్పుడు నువ్వు వాణ్ణి చంపితే నీ చేలో నీళ్ళు ఎవడు కట్టుకుంటాడు? నీ వంతు నడుస్తా ఉంది. పో."

శ్రీను ఎత్తిన పారతో అట్లనే నిలబడినాడు. నరేంద్ర చేతిలో రెండో రాయి. కాలవలో పడినోడు లేచి మళ్ళీ మట్టి కప్పుతున్నాడు. శ్రీను పార భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, కాలవ గట్టున కొస వైపు పరిగెత్తినాడు.

గురవయ్య కంట్లోకి రక్తం దిగింది. ఎడంచేత్తో తుడుచుకుని, రాయి పట్టుకున్నోడి వంక చూడకుండా బేసిన్ మీదికి వంగినాడు. రాగి అంచు నీళ్ళకు సమమైంది. వణికింది. బుడుంగుమంది.

"ఒకటి," అన్నాడు.